టైము తప్పిన బండి

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాడికి మోటారు ఇంజనుతో పనేమిటని మీరు అడగవచ్చు. మా కాలేజీలో సాటి లెక్చరర్లు అడగనే అడిగారు. పనేమిటంటే, నాకొక అక్క వుంది, ఆవిడకొక కొడుకున్నాడు, ఆ కొడుక్కి బండి పిచ్చి వుంది. మేనమామ అన్నవాడికి ఇంతకంటె వేరే కారణం అక్కర్లేదు. చెవులు కుట్టించేనాడు మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాడు, ఆ మేనల్లుడు చెడిపోతున్నాడని ఇంట్లో అనుకున్ననాడు కూడా వెళ్ళి మధ్యలో కూర్చోవలసిందే.

వాడిది మామూలు బండి పిచ్చి కాదు. డ్రాగ్ రేసు అనే పందెం ఒకటి వుంది. అందులో మలుపులుండవు, చుట్లుండవు. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి. పచ్చదీపం వెలగగానే బయలుదేరి, తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు, ముందు దాటినవాడు గెలిచినట్టు. మనం వేడి కాఫీ నాలుగు గుక్కలు తాగేలోగా పందెం ముగిసిపోతుంది. అమెరికాలో ఈ పందేలకోసం 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. అక్కడి పెద్ద బళ్ళు ఎంత వేగం పుంజుకున్నాయంటే, 2008లో స్కాట్ కలిట్టా అనే డ్రైవరు ప్రమాదంలో పోయిన తరవాత, వాటికి పావు మైలు కూడా ఎక్కువేనని దూరాన్ని 1000 అడుగులకు కుదించారు. మన వైపు మోటారు పందేలకు పాత పుట్టిల్లు మద్రాసు దగ్గరి షోలవరం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన బాట అది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేలకోసమే కట్టిన ట్రాకు వచ్చింది. బెంగుళూరుకు చెందిన హేమంత్ ముద్దప్ప జాతీయ డ్రాగ్ పోటీల్లో పలుమార్లు గెలిచాడు. ఈ పేర్లన్నీ మావాడు నాకు నేర్పినవే. చిన్నప్పుడు నేను వాడికి సుమతీ శతకం నేర్పాను. ఆ ఋణం ఇలా తీర్చుకున్నాడు.

మా చోడవరం మొన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గాని చెరకు తోటలు మారలేదు, బెల్లం వాసన మారలేదు, కొడుకు ఉద్యోగంలో చేరితేగాని తండ్రికి నిద్ర పట్టకపోవడం మారలేదు. మా బావగారు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయినవారు. కాగితం మీద వున్నదే నిజమని నలభై ఏళ్ళు నమ్మి, ఆ నమ్మకంతోనే పెన్షన్ తీసుకుంటున్నవారు. కొడుకు డిప్లొమా ఆఖరి ఏడు మార్కుల కాగితం చూసి ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున వాడు బళ్ళు బాగుచేసే షెడ్డు పెట్టుకుంటానన్నాడు. రెండేళ్ళు చూస్తానన్నారాయన. రెండేళ్ళు దసరాకి నిండుతాయి. ఆ తరవాత పరవాడ ఫార్మాసిటీలో ఎవరో తెలిసినవారి ద్వారా ఉద్యోగం సిద్ధంగా వుంది.

దసరాకు ముందే మద్రాసు వైపు ఒక డ్రాగ్ పోటీ వచ్చింది. టూ స్ట్రోక్ బళ్ళకు విడిగా తరగతి వుంది. మావాడు రుసుము కట్టేశాడు. వాడి బండి 1980లలో జపాను కంపెనీల పొత్తుతో మన దేశంలో వరసగా వచ్చిన వంద సీసీ బళ్ళలో ఒకటి. పేరు చెప్పను, జరిగినదానిలో తప్పు దానిది కాదు. పాత ఇనుము ధరకు కొని, రాత్రిళ్ళు కూర్చుని, విశాఖపట్నం నుంచి సామాన్లు తెచ్చి, ఏడాది పాటు దాన్ని తయారుచేశాడు. ఊరి రోడ్డు మీద పందెం కట్టనని తల్లికి మాట ఇచ్చాడు. అంచేత ఇళ్ళు ఇంకా లేవని ఒక లేఅవుటులో, యజమానిని అడిగి, ఆ ఖాళీ రోడ్డు మీద పరీక్షించుకునేవాడు.

బండిని వ్యానులో ఎక్కించడానికి నాలుగు రోజులుందనగా ఆపద వచ్చింది. ఆ సాయంత్రం అయిదుసార్లు బాణంలా వెళ్ళింది. ఆరోసారి ఇంజను గట్టిగా రేగాక క్లచ్చి వదిలాడు. బండి రెండు బారలు దూకి, రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు మోతపెట్టి, ఆగిపోయింది. షెడ్డులో పనిచేసే కుర్రాడు వెళ్ళి కిక్కు కొట్టాడు. కిక్కు రాడ్డు కిందికి పోవలసింది పోయి ఎదురు తన్నింది. కుర్రాడి చీలమండ వాచిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా అక్క ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, వాడు రాత్రి అన్నం తినలేదురా. ఆయనేమో, బండే తీర్పు చెప్పేసింది, ఇంక దసరా దాకా ఎందుకు అంటున్నారు. నువ్వోసారి రా."

నేను వెళ్ళేసరికి షెడ్డులో ముగ్గురున్నారు. మావాడు నేల మీద కూర్చుని వున్నాడు. కుర్రాడు కాలికి గుడ్డ చుట్టుకుని ఒక మూల నిలబడి వున్నాడు. బావగారు గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని, ఆఫీసు తనిఖీకి వచ్చినవారిలా వున్నారు. ఎవరూ మాట్లాడటంలేదు. అటువంటి చోట తెలుగు మాస్టరుకు చేతనయింది ఒకటే. "అసలు ఏమిటిరా జరిగింది? నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాను.

వాడు చెప్పినదాన్ని నేను మీకు నా మాటల్లో చెబుతాను. ఇంజను లోపల పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ వుంటుంది. అది పైకి వచ్చినప్పుడు పెట్రోలు గాలీ కలిసిన ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే అది మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఇంతే ఇంజను. అయితే మంట అంటుకుని వ్యాపించడానికి కొంత వ్యవధి కావాలి. అంచేత పిస్టన్ పై చివరకు చేరడానికి కొంచెం ముందే రవ్వ పడాలి. ఈ రకం బళ్ళలో ఆ ముందు అన్నది సుమారు రెండు మిల్లీమీటర్లు. చక్రం తిరుగుడులో చెబితే ఇరవై డిగ్రీలు. దాన్నే టైమింగ్ అంటారు.

పిల్లల్ని ఉయ్యాల ఊపేటప్పుడు చూడండి. ఉయ్యాల మనవైపు వచ్చి, ఆగి, వెనక్కి మళ్ళే క్షణంలో తోస్తే హాయిగా పోతుంది. ఆలస్యంగా తోస్తే చెయ్యి గాలిలో పోతుంది, ఊపు రాదు. అది ఇంకా మనమీదికి వస్తూండగానే తోశామో, మన మణికట్టు విరుగుతుంది. రవ్వ ఆలస్యమైతే బండి నీరసపడి, సైలెన్సరు వేడెక్కి, టపటపమంటుంది. రవ్వ మరీ ముందు పడితే, పైకి వస్తున్న పిస్టన్‌ను మంట ఎదురు కొడుతుంది. కిక్కు కొట్టే కాలిని తన్నేది ఆ మంటే. పందెం బండి నిమిషానికి 9000 చుట్లు తిరుగుతుంది. అంటే క్షణానికి 150 సార్లు రవ్వ పడాలి. ఒక డిగ్రీ అంటే క్షణంలో యాభైవేల వంతు కంటె తక్కువ. మా పద్యాలలో ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం యతి. అక్కడ తప్పితే పద్యం కుంటుతుంది, వినేవాడు నవ్వుతాడు. ఇక్కడ తప్పితే పిస్టన్‌కు కన్నం పడుతుంది.

"అయితే టైమింగ్ తప్పినట్టేగా?" అన్నాను.

"అదే కాదు మావయ్యా! టైమింగ్ సరిగ్గా వుంది. లైటు పెట్టి చూశాను."

ఆ లైటు సంగతి కూడా చెప్పాలి. ఇంజను పక్కన అయస్కాంతాలు బిగించిన ఒక బరువైన చక్రం వుంటుంది. మెకానిక్కులు దాన్ని మాగ్నెట్ అంటారు. అది తిరుగుతూ ఒక చిన్న తీగచుట్ట పక్కనుంచి పోయినప్పుడు, ఇప్పుడు రవ్వ వెయ్యమని కబురు పుడుతుంది. ఆ కబురు అందుకుని రవ్వ వేయించే నల్లడబ్బా పేరు సీడీఐ. చక్రం మీద ఒక గీత వుంటుంది, దాని పక్కన కదలని చోట మరో గీత. టైమింగ్ లైటు రవ్వ పడినప్పుడల్లా ఒకసారి మెరుస్తుంది. ఆ మెరుపులో తిరిగే చక్రం నిలబడినట్టు కనిపిస్తుంది. రెండు గీతలూ ఎదురెదురుగా వుంటే టైము సరి. మావాడు బండిని తోయించి ఎలాగో స్టార్టు చేసి, లైటు వేసి చూశాడు. గీతకు గీత అద్దం పెట్టినట్టు వుంది.

టైమింగ్ సరి అయినప్పుడు తప్పు ఇంకెక్కడో వుండాలి. రాత్రంతా వాడు ఆ ఇంకెక్కడో కోసమే వెతికాడు. పెట్రోలులో నీళ్ళు కలిశాయేమోనని పారబోసి కొత్తది పోశాడు. కార్బురేటరు విప్పి ఊదాడు. ప్లగ్గు మార్చాడు. పాత ప్లగ్గు పింగాణీ మీద ఆవగింజలో పదోవంతు వుండే తళతళమనే చుక్కలు కనిపించాయి. పిస్టన్ అల్యూమినియం కరిగి చిమ్మితే పడే చుక్కలవి. గాలి ఎక్కడో అదనంగా చొరబడి ఇంజను వేడెక్కిందని వాటికి అర్థం చెప్పుకుని గాస్కెట్లన్నీ మార్చాడు. ఏం చేసినా కిక్కు ఎదురు తన్నుతూనే వుంది.

ఇంక మిగిలింది సీడీఐ డబ్బా. అది వారం క్రితం విశాఖపట్నంలో ఒక దుకాణంలో కొన్నది. నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగ్గా వుండి, వేగంలో తప్పుడు కబురు చెబుతోందని వాడు తేల్చాడు. దుకాణదారు దొంగసరుకు అంటగట్టాడన్నాడు. అదీ కాకపోతే, తీగచుట్ట వుండే పలక స్క్రూలు ఆఖరున బిగించినవాడు ఈ కుర్రాడు. వీడే సరిగ్గా బిగించి వుండడన్నాడు. కుర్రాడు తల వంచుకున్నాడు. వాడికి ఇంటి దగ్గర తండ్రి లేడు. ఆ షెడ్డులో వచ్చే కూలి తల్లికి ఇస్తాడు. రాత్రి మావాడు కోపంలో రేపటినుంచి రావద్దన్నాట్ట. అయినా పొద్దున్నే కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

చూశారా, ఎంత దూరం వెళ్ళిందో! ఒక బండి పాడయింది. అంతలోనే ఒక దుకాణదారు దొంగ అయ్యాడు, ఒక కుర్రాడి కూలి పోయింది, ఒక కొడుకు పనికిమాలినవాడయ్యాడు. అన్నిటికీ ఆధారం ఒకటే: టైమింగ్ సరిగ్గా వుందని గీత చెప్పింది.

మా వీధిలో ఒక ముసలి మేస్త్రీ వున్నాడు. ఒకప్పుడు చుట్టుపక్కల చెరకు ఊళ్ళలో గానుగ ఇంజన్లూ, పెట్రోలుతో మొదలెట్టి కిరసనాయిలుతో నడిపే పంపుసెట్లూ బాగుచేసిన చెయ్యి. ఇప్పుడు చూపు ఆనక ఇంటిపట్టున వుంటున్నాడు. నేను వెళ్ళి పిలుచుకు వచ్చాను. మావాడికి అది అంతగా నచ్చలేదు. పందెం బండికీ పంపుసెట్టుకూ సామ్యం ఏమిటని వాడి ముఖంలో కనిపించింది. కాని పెద్దవాడని లేచి స్టూలు వేశాడు.

మేస్త్రీ బండిని ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

"నెమ్మదినెమ్మదిగా పాడయినాదా, ఒక్కపాలి పోయినాదా?"

"ఒక్కసారే. ఆరో పరుగులో."

"క్లచ్చి ఒగ్గినప్పుడా?"

"అవును."

"అయితే అరిగిపోయినాది కాదు బాబూ. అరిగినాదయితే సెప్పి ఎల్తాది. ఇది సెప్పకుండా ఎల్లినాది. ఏదో జరిగినాది."

జరిగినాది అనే మాటకు రెండు అర్థాలు. సంభవించింది అని ఒకటి, చోటు నుంచి పక్కకు కదిలింది అని మరొకటి. మేస్త్రీ అన్నది రెండో అర్థంలో. అది నాకు వెంటనే తెలిసింది. నా ఉద్యోగమే అది గదా!

"టైమింగ్ చూశాను తాతా. గీతకి గీత సరిపోయింది" అన్నాడు మావాడు.

"గీత ఏటి మీదుంది?"

"మాగ్నెట్ మీద."

"మరి నువ్ సూసింది సక్రాన్నే గదా! సక్రం సెప్పింది ఇన్నావు. లోపలున్నోడిని అడిగేవా?"

మావాడు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఇంజను పని తెలిసినవాడు కనక అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నాకు పట్టింది, కొంచెం వివరిస్తాను.

రవ్వ వెయ్యమని కబురు పంపేది చక్రం. రవ్వ సరైన సమయానికే పడిందని సాక్ష్యం చెప్పే గీత కూడా ఆ చక్రం మీదనే వుంది. చక్రం కనక ఇరుసు మీద కాస్త పక్కకు జరిగిపోతే, అయస్కాంతమూ గీతా కలిసే జరుగుతాయి. అప్పుడు రవ్వ తప్పు సమయంలో పడుతుంది, గీత మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. నేరం చేసినవాడే సాక్షి అయితే కేసు ఎలా తేలుతుంది? చక్రాన్ని కాదు, పిస్టన్‌నే అడగాలి.

అడగడానికి ఏ పరికరమూ అక్కర్లేకపోయింది. మేస్త్రీ ఒక సైకిలు పుల్ల తెమ్మన్నాడు. మొన తగలకుండా చివర వంచించాడు. ప్లగ్గు విప్పి ఆ కన్నంలోంచి పుల్లను పిస్టన్ మీద ఆన్చి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పమన్నాడు. పిస్టన్ పైకి వస్తూంటే పుల్ల లేస్తుంది, దిగుతూంటే దిగుతుంది. అయితే పై చివర దగ్గర పిస్టన్ కాసేపు ఆగినట్టే వుంటుంది. అసలు శిఖరం ఎక్కడో కంటికి తెలియదు. దానికీ వుపాయం వుంది. పుల్ల ఒక ఎత్తులో వుండగా ఎక్కేటప్పుడు చక్రం మీద సుద్దముక్కతో ఒక గుర్తు, అదే ఎత్తుకు దిగేటప్పుడు మరో గుర్తు. ఆ రెంటికీ సరిగ్గా నడుమ వున్నదే శిఖరం. చూపు ఆనని ముసలివాడు చెబుతూంటే మావాడు గుర్తులు పెట్టాడు. పుల్ల పట్టుకున్నది కుర్రాడు.

ఆ తరవాత చక్రాన్ని వెనక్కి తిప్పి, గీతకు గీత కలిపి ఆపారు. ఆ స్థితిలో పిస్టన్ శిఖరానికి రెండు మిల్లీమీటర్లు కింద వుండాలి. పుల్ల మీద స్కేలు పెట్టి కొలిచాడు. అయిదు మిల్లీమీటర్లకు దగ్గరగా వుంది.

ఎవరూ మాట్లాడలేదు. మావాడు స్కేలు మళ్ళీ పెట్టి మళ్ళీ చూశాడు. అయిదే. అంటే రవ్వ పన్నెండు డిగ్రీలు ముందుగా పడుతోంది. ఉయ్యాల మీదికి వస్తూండగా తోస్తున్నారు. ప్లగ్గు మీద తళతళలాడిన చుక్కలూ, ఎదురు తన్నిన కిక్కూ, గులకరాళ్ళ మోతా అన్నీ ఒక్కసారిగా ఒకే మాట చెప్పాయి. అవి మొదటినుంచీ చెబుతున్నది ఆ మాటే. గీత మీద నమ్మకంకొద్దీ వాటికి వేరే అర్థం చెప్పుకోవలసి వచ్చింది.

పుల్లర్ బిగించి చక్రాన్ని లాగారు. ఇరుసు మీద చిన్న గాడి వుంటుంది. అందులో అర్ధచంద్రం ఆకారంలో, మన చిటికెన గోరంత ఇనపముక్క వుంటుంది. దాన్ని కీ అంటారు. చక్రం ఏ చోట కూర్చోవాలో చెప్పేది అది. అది తెగలేదు, కాని నడుమ మెట్టులా జరిగిపోయి వుంది. ఒకటిన్నర మిల్లీమీటరు మెట్టు. క్లచ్చి ఠక్కున వదిలినప్పుడు ఇంజను వేగాన్ని వెనకచక్రం ఒక్కసారి లాగిపట్టింది, ఇరుసు నెమ్మదించింది. బరువైన మాగ్నెట్ మాత్రం తన ఊపులో తాను ముందుకు పోయింది. ఆ తోపుకు ఇనపముక్క వంగింది. ఆ ముక్క ధర ముప్ఫై రూపాయల లోపు.

"కీ అంత మెత్తగా చేస్తారా? గట్టిది వేస్తే పోయేది గదా!" అన్నారు బావగారు. అప్పటిదాకా గుమ్మంలో వున్న మనిషి ఎప్పుడు లోపలికి వచ్చారో నేను చూడలేదు.

మేస్త్రీ నవ్వాడు. చక్రాన్ని పట్టి వుంచేది కీ కాదుట. ఇరుసు చివర కొంచెం సన్నబడుతూ పోతుంది. చక్రం కన్నం కూడా అలాగే సన్నబడుతుంది. నట్టు బిగించినకొద్దీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, ఇనుమూ ఇనుమూ పట్టుకుంటాయి. బలమంతా ఆ పట్టుదే. కీ చోటు చూపిస్తుంది, అంతే. పట్టు పోయిననాడు ఆ బరువంతా దానిమీద పడుతుంది. దానికది మొయ్యగల బరువు కాదు.

పట్టు ఎందుకు పోయింది? మేస్త్రీ ఇరుసు చివరను వేలితో తడిమి, వేలును బొటనవేలితో రాసి చూసుకున్నాడు.

"ఇక్కడ నూనె ఎవుడు రాసినాడు?"

షెడ్డు నిశ్శబ్దమైపోయింది. కుర్రాడు మావాడి వంక చూడకుండా నేల చూశాడు. మావాడే చెప్పాడు. "నేనే తాతా. తుప్పు పట్టకూడదని."

ఇంజనులో నూనె తగలని చోటు పాపం, తగిలిన చోటు పుణ్యం. ఆ అలవాటు కొద్దీ ప్రేమగా పల్చగా నూనె రాసి చక్రం ఎక్కించాడు. కాని నూనె పనికిరాని చోటు ఇంజను మొత్తానికి అదొక్కటే కాబోలు. అక్కడ పొడిగా, శుభ్రంగా వుండాలి. దుకాణదారు డబ్బాలో తప్పు లేదు. కుర్రాడు బిగించిన స్క్రూలు బిగించినట్టే వున్నాయి.

ఇది మా చోడవరం పంపుసెట్టు పాండిత్యం మాత్రమే అనుకోకండి. అమెరికాలో డ్రాగ్ పందేలకు వాడే ఎనిమిది సిలిండర్ల పాత ఇంజన్లలో ఇదే కథ తలకిందులుగా జరుగుతుంది. అక్కడ ఇరుసు ముందు కొసన, అదురును అణచడానికి ఒక చక్రం వుంటుంది. లోపల ఒక ఇనపకట్టు, వెలుపల ఒక ఇనపకట్టు, రెంటి మధ్యా రబ్బరు. టైమింగ్ గీత వెలుపలి కట్టు మీద వుంటుంది. ఏళ్ళు గడిచి రబ్బరు పట్టు వదిలితే, వెలుపలి కట్టు గీతతో సహా జరిగిపోతుంది. అప్పుడు ఇంజను నిక్షేపంలా వుంటుంది, గీత మాత్రం తప్పు అంటుంది. గీతను నమ్మి సరిచెయ్యబోయినవాడు మంచి ఇంజనును చేతులారా పాడుచేసుకుంటాడు. అంచేత అక్కడి అనుభవజ్ఞులు కూడా హఠాత్తుగా టైమింగ్ మారిందంటే దేన్నీ తిప్పరు. ముందు ప్లగ్గు కన్నంలోంచి పిస్టన్ శిఖరం పట్టుకుని, గీత నిజమో కాదో తేల్చుకుంటారు. పుల్లకు బదులు వాళ్ళకు మంచి పరికరాలున్నాయి. అడిగే ప్రశ్న మాత్రం మా మేస్త్రీ అడిగిందే.

ఆ మధ్యాహ్నం మావాడు వాల్వులు నూరే పేస్టు తెచ్చి, చక్రాన్నీ ఇరుసునూ ఒకదానితో ఒకటి మెల్లగా నూరి, పట్టు అంతటా ఒకేలా పడేదాకా చూశాడు. పెట్రోలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాడు. అనకాపల్లి వెళ్ళి కొత్త కీ తెచ్చాడు. బిగువు కొలిచే స్పానరును మరో షెడ్డులో అడిగి తెచ్చి, పుస్తకంలో చెప్పినంత బిగువు పెట్టాడు. మళ్ళీ సైకిలు పుల్ల పెట్టి చూశాడు. రెండు మిల్లీమీటర్లు. పిస్టన్ నెత్తిన అక్కడక్కడ గాట్లు పడ్డాయి గాని కన్నం పడలేదు. కొత్త పిస్టన్ వేసి, కొలతలు సరిచూసుకునేసరికి మర్నాటి రాత్రి అయింది.

కిక్కు మొదట కొట్టింది మావాడే. కుర్రాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. రెండో కిక్కుకు బండి అందుకుంది. ఆ శబ్దం విని ముసలి మేస్త్రీ వీధి అరుగు మీదనుంచే చెయ్యి ఊపాడు. కుర్రాడితో మావాడు ఏం చెప్పాడో నాకు తెలియదు. నా ఎదట చెప్పలేదు. కాని మద్రాసు వెళ్ళిన వ్యానులో ముందు సీటులో కాలు చాపుకుని కూర్చున్నవాడు ఆ కుర్రాడే.

పందెం సంగతి చెప్పాలి గదా! మొదటి జోడీలో గెలిచాడు. రెండో జోడీలో ఒక బెంగుళూరు బండి చేతిలో బండి పొడవంత తేడాలో ఓడిపోయాడు. కప్పు లేదు, పూలదండ లేదు. రెండు పరుగులకూ పట్టిన కాలం రాసిచ్చిన కాగితాలు మాత్రం జేబులో పెట్టుకుని వచ్చాడు.

వాడు తిరిగి వచ్చిన రోజున నేనూ అక్కడే వున్నాను. అక్క వడ్డిస్తోంది. బావగారు వాడు తినేదాకా ఆగి, "ఎన్నో వాడివి వచ్చావు?" అని అడిగారు. చిన్నప్పటినుంచీ ప్రతి పరీక్షకూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. వాడు జవాబు చెప్పకుండా ఆ రెండు కాగితాలూ తీసి ముందు పెట్టాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మొదటిదాని కంటె రెండోది తగ్గిందే!"

"తగ్గింది నాన్నా. ఓడిపోయిన పరుగే బాగా వెళ్ళింది."

"ఓడిపోయిందే బాగా వెళ్ళిందా!" అని ఆయన ఆ మాటను తనలో తాను మరోసారి అనుకున్నారు.

మా ఉద్యోగాల్లో మార్కులు లేకుండా జరగదు. బావగారి ఫైళ్ళకూ జరగదు, నా పరీక్ష పేపర్లకూ జరగదు. చక్రం మీద గీత లేకపోతే బండి టైమింగ్ పెట్టడం కూడా కష్టమే. గీత వుండాలి. కాని అది చూపించే వస్తువూ, మనం తెలుసుకోవాలనుకునే వస్తువూ ఒకటి కాదు. రెంటినీ కలిపి వుంచే చిన్నముక్క ఒకటి ఎక్కడో లోపల వుంటుంది. అన్నీ సరిగ్గా కనిపిస్తూ ఏదో ఒకటి ఎదురు తన్నుతున్నప్పుడు, గీతను ఇంకోసారి చూసి లాభం లేదు. అది మళ్ళీ అదే చెబుతుంది. ఇప్పుడు మార్చి నెల వచ్చి ఎర్రసిరా కలం చేత పట్టుకుంటే, ఏ పేపరు ముందు కూర్చున్నా నాకు మేస్త్రీ గొంతు వినిపిస్తూంటుంది.

దసరా వెళ్ళింది. పరవాడ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారో ఏమోనని అక్క నెల్లాళ్ళు వినాయకుడి గుడికి తిరిగింది. దీపావళి మర్నాడు నేను షెడ్డు దగ్గర కూర్చుని వుండగా, బావగారు తన పాత స్కూటరు తోసుకుంటూ వచ్చారు. పదేళ్ళుగా ఆ స్కూటరును ఆయన అనకాపల్లిలో ఇస్తారు. కొడుకు షెడ్డుకు ఎప్పుడూ తేలేదు.

స్టాండు వేసి, చేతులు తుడుచుకుని, కొడుకు వైపు కాకుండా కుర్రాడి వైపు చూస్తూ అన్నారు:

"దీని టైమింగ్ ఎలా వుందో ఓసారి చూడండర్రా. తొందరేం లేదు."

మావాడు లేచి సైకిలు పుల్ల కోసం గోడ మీదికి చెయ్యి చాచాడు.